గడ్డి కాగితం - ముద్రణ సొంపు

పత్తి ఏరడం ముగిశాక ఓరుగల్లు ప్రాంతపు చేలలో పత్తికట్టె మిగులుతుంది. వరి కోసిన మడిలో గడ్డి మిగులుతుంది. పశువుల మేతకూ వంటచెరకుకూ పోగా మిగిలినదానిని చాలాచోట్ల తగులబెడతారు. ఆ పొగలో కలిసిపోతున్నది కాగితం కాగల నార. అయితే అటువంటి కాగితంపై అక్షరం స్పష్టంగా నిలుస్తుందా? పుస్తకమే ఆధారంగా చదువుకొనే విద్యార్థికి ఇది చిన్న ప్రశ్న కాదు.

కాగితం కలపతో పుట్టలేదు. క్రీ.శ. 105 ప్రాంతంలో చైనాలో త్సాయ్ లున్ చెట్టు బెరడు, చింకిపాతలు, పాత వలలతో కాగితం చేయించాడని చరిత్ర చెబుతున్నది. కాజీపేట నుండి ఉత్తరంగా సాగే రైలు మార్గంలో కాగజ్‌నగర్ ఉన్నది. అక్కడ 1942లో ఉత్పత్తి ప్రారంభించిన సిర్పూరు కాగితపు మిల్లుకు తొలినాళ్లలో వెదురే ముఖ్యమైన ముడిసరుకు. వెదురు గడ్డిజాతి మొక్క.

వెదురు నార పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు. వరిగడ్డి నార సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. అందువల్ల గడ్డి కాగితం సులభంగా చిరుగుతుంది. గడ్డి గుజ్జులో నారతో పాటు సూక్ష్మమైన పొడి కణాలు కూడా ఎక్కువ. ఆఫ్‌సెట్ యంత్రంలోని జిగట సిరా వాటిని కాగితం నుండి పెరికివేస్తుంది. ఆ చోట అక్షరంలో తెల్లని చుక్క మిగులుతుంది. పత్తికట్టెలోని బెరడు, బెండు సరిగా తొలగకపోతే కాగితంపై నల్లని మచ్చలు పడతాయి.

ఈ లోపాలకు ఉపాయాలున్నాయి. గుజ్జును బాగా కడిగి, జల్లించి పొడిని తగ్గించాలి. బలం కోసం వెదురు వంటి పొడవైన నారను కలపాలి. సిరా పాకకుండా రోజన్, పటిక చేర్చడం పాత పద్ధతి. కాని పటిక వల్ల కలిగే ఆమ్లగుణం కాలక్రమాన కాగితాన్ని పెళుసుబారుస్తుంది. అందుచేత ఆమ్లం లేని పద్ధతులు వచ్చాయి. వాటితో సుద్దపొడిని కూడా కలిపి కాగితానికి తెలుపు తేవచ్చు.

చివరిది పైపూత. పలుచని గంజి పూసి, ఇనుప రోలర్ల నడుమ నొక్కితే పొడి అణగి, ఉపరితలం నునుపెక్కుతుంది. నూలుచీరకు గంజిపెట్టి ఇస్త్రీ చేయడం వంటిదే ఇది. పూర్వం చేతికాగితం చేసేవారు కూడా గంజి పూసి నున్నని రాతితో రుద్దేవారు. అయితే మితిమీరి నొక్కితే కాగితం పలుచబడి, వెనుకపుట అక్షరాలు తొంగిచూస్తాయి.

కాబట్టి లోపమంతా మొక్కది కాదు. సంస్కారం చాలనప్పుడే అక్షరం చెదురుతుంది. తగిన శ్రద్ధ చూపితే నేడు బూడిదవుతున్న గడ్డి రేపు పుస్తకం కాగలదు.