లినక్స్‌లో 12 వోల్టులు 1 వోల్టుగా కనిపిస్తే

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో ‘సెన్సార్స్’ కమాండ్ ఇస్తే ఒక వోల్టేజి 1.01 అనీ, ఒక ఉష్ణోగ్రత 127 డిగ్రీలనీ చూపిస్తోంది. మే నెలలో సీపీయూ 80 దాటుతోంది. బోర్డు పాడైందా?
– ఒక పాఠకుడు, సెక్టార్ 6, భిలాయి

జవాబు: కంగారు పడకండి. 127 అంటే చాలాసార్లు ఆ పిన్నుకు సెన్సారే తగిలించలేదని అర్థం. సెన్సార్స్ సెట్టింగుల ఫైల్లో ‘ఇగ్నోర్’ వరుస రాసి దాన్ని దాచేయండి.

వోల్టేజి సంగతి వేరు. ఆ 1.01 బహుశా 12 వోల్టుల లైనుదే. మదర్‌బోర్డు మీది చిప్ 12 వోల్టులను నేరుగా కొలవలేదు. అందుకే రెండు రెసిస్టర్లతో తగ్గించి ఇస్తారు. ఎంత తగ్గించారో తయారీదారుకు తెలుసు, లినక్స్‌కు తెలియదు. మల్టీమీటర్ నల్ల ముల్లును సప్లయి కనెక్టర్లోని నల్ల తీగ వైపు, ఎర్రదాన్ని పసుపు తీగ వైపు పెట్టి చూడండి. ముళ్లు ఒకదానికొకటి తగలకూడదు. మీటరు 12.1 చూపితే, 12.1ని 1.01తో భాగించండి: దాదాపు 12. ‘సెన్సార్స్’ జాబితాలో ఆ వోల్టేజి పేరు ‘ఇన్1’ అయితే, ‘సెన్సార్స్.డి’ ఫోల్డర్లోని ఫైల్లో ఆ చిప్ పేరు కింద ‘కంప్యూట్ ఇన్1 @*12, @/12’ అని ఇంగ్లీషులో రాయండి. తర్వాత 11.4కూ 12.6కూ మధ్య ఉంటే సప్లయి బాగున్నట్టే.

సీపీయూ అంకెను మాత్రం దిద్దకండి. ఇంటెల్ సెన్సార్లు గరిష్ఠ పరిమితికి దగ్గరగా ఉన్నప్పుడే నమ్మదగ్గవి. చల్లగా ఉన్నప్పుడు కొన్ని డిగ్రీలు తప్పుతాయి. భిలాయి ఎండల్లో గదే 40 ఉంటే, పని ఒత్తిడిలో 80 సహజం. పనేమీ లేకుండానే 80 ఉంటే హీట్‌సింక్ విప్పి దుమ్ము దులపండి, పేస్టు మార్చండి.