అలెగ్జాండర్ పుస్తకం కొనేముందు ఏనుగులు లెక్కపెట్టండి

మనలో చాలామందికి అలెగ్జాండర్ రెండు చోట్ల పరిచయం. ఒకటి బడిలో చదివిన పురుషోత్తముడి పాఠం. రెండోది 1977లో ఎన్టీఆర్ తీసిన 'చాణక్య చంద్రగుప్త'. అందులో అలెగ్జాండర్ వేషం శివాజీ గణేశన్ వేశాడు. అంతటితో ఆగకుండా ఒక మంచి పుస్తకం చదువుదామని సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో షాపుకెళితే ఏది తీయాలో తోచదు. ఏ అట్ట చూసినా అదే ఉంగరాల జుట్టు, అదే 'ది గ్రేట్'.

అన్నిటికన్నా మంచిది ఇదీ అని ఒక్క పేరు నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఈయన మీద ఒకే పుస్తకం చదివి ఊరుకున్నవాళ్లు ఆ రచయిత అభిప్రాయాన్నే చరిత్ర అనుకుంటారు. అందుకని ఆయన్ని మెచ్చుకునేదొకటి, నిలదీసేదొకటి, జంటగా ఎంచుకోండి. అంతకుముందు చేయాల్సిన పనులు రెండున్నాయి.

మొదటి పని, మూలం చేతిలో పెట్టుకోవడం. అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో చనిపోయాడు. ఆయన వెంట నడిచినవాళ్లు రాసిన పుస్తకాలేవీ పూర్తిగా మిగల్లేదు. మనకు దక్కిన ముఖ్యమైన కథనాలు ఐదుగురివి: డయొడోరస్, కర్టియస్, ప్లూటార్క్, ఏరియన్, జస్టిన్. వీళ్లలో అందరికన్నా పాతవాడైన డయొడోరస్ కూడా దాదాపు 300 ఏళ్ల తర్వాతి మనిషి. ఇప్పుడొచ్చే ప్రతి పుస్తకమూ ఈ ఐదుగురి సరుకుతో వండిన వంటే. ఏరియన్ ఇంకా ఆలస్యంగా, క్రీ.శ. రెండో శతాబ్దంలో రాశాడు. అయినా కొత్తవాళ్లు ఆయనతోనే మొదలుపెట్టాలంటాను. అలెగ్జాండర్ సేనలో ఉన్న టాలమీ, అరిస్టోబులస్ రాసినవి ఆయన ముందున్నాయి, వాటినే నమ్ముకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. జేమ్స్ రామ్ సంపాదకత్వంలో 2010లో వచ్చిన 'ల్యాండ్‌మార్క్ ఏరియన్' కొనండి. యుద్ధం ఎక్కడ జరుగుతోందో చూపించే మ్యాపులు కథ పొడుగునా ఉంటాయి. బరువెక్కువ, రైల్లో పట్టుకుని చదవలేరు. రైలు కోసమైతే పెంగ్విన్ వాళ్ల పాత అనువాదం చాలు.

రెండో పని, షాపులో నిలబడే చేయగలిగిన పరీక్ష. పుస్తకం చివర ఉండే సూచిక తీసి 'పోరస్' అన్న పేరు వెతకండి. మన పురుషోత్తముడే. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున జరిగిన యుద్ధం ఆ పేజీలో ఉంటుంది. పోరస్ దగ్గర ఎన్ని ఏనుగులున్నాయో చూడండి. ఏరియన్ లెక్క 200. డయొడోరస్ 130 అంటాడు. కర్టియస్ 85 దగ్గరే ఆగాడు. మీ చేతిలోని రచయిత 200 అని ఒక్క అంకె వేసేసి ముందుకు పోయాడా, లేక ఈ తేడా ఉందని కనీసం అడుగున చిన్న అక్షరాల్లోనైనా చెప్పాడా?

అదే పేజీలో ఇంకొకటి. ఓడిపోయిన పోరస్‌ని నిన్నేం చేయమంటావని అలెగ్జాండర్ అడిగితే, రాజును రాజు ఎలా చూడాలో అలా చూడమన్నాడని మనం బడిలో బట్టీపట్టాం. ఆ జవాబు ఏరియన్‌లో ఉంది, ప్లూటార్క్‌లోనూ ఉంది. కర్టియస్ కథలో పోరస్ చెప్పేది వేరు: అదృష్టం ఎంత తొందరగా చేజారుతుందో ఈ రోజే చూశావుగా, అది తలచుకుని నీకు తోచింది చెయ్యి, అన్న ధోరణి. బతిమాలడం కాదు, దాదాపు హెచ్చరిక. ఈ రెండో జవాబును కూడా పాఠకుడి ముందు పెట్టే రచయితను నేను వెంటనే నమ్ముతాను. పోరస్ తరఫున ఎవరేమన్నారో తెలుసుకునే దారి మాత్రం లేదు. ఆ కాలపు మన గ్రంథాలేవీ అలెగ్జాండర్ పేరే ఎత్తవు.

ఇక జంట. మెచ్చుకునే వైపు రాబిన్ లేన్ ఫాక్స్ 1973లో రాసినది తీసుకోండి. లావుపాటి పుస్తకమే, అయినా నవలలా చదివిస్తుంది. అలెగ్జాండర్ అంటే ఈయనకెంత ఇష్టమంటే, 2004లో ఆలివర్ స్టోన్ తీసిన సినిమాకి సలహాదారుగా వెళ్లి, గుర్రమెక్కి దండులో తనూ దూకాడు.

నిలదీసే వైపు వెతుక్కుంటూ ఆక్స్‌ఫర్డ్ దాకా పోనక్కర్లేదు, పెర్త్ చాలు. యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో దశాబ్దాల పాటు పాఠం చెప్పిన ఎ.బి. బాస్‌వర్త్ 1988లో రాసిన 'కాంక్వెస్ట్ అండ్ ఎంపైర్' ఇప్పటికీ గట్టి పుస్తకం. వాక్యాలు పొడిగా ఉంటాయి, మొదటి యాభై పేజీలు ఓపిక పట్టాలి. ఆయనదే 1996 నాటి 'అలెగ్జాండర్ అండ్ ది ఈస్ట్' మనకు ఇంకా దగ్గరిది. పంజాబ్, సింధు ప్రాంతాల్లో ఆ సైన్యం చేసిన ఊచకోతలను విజయగాథల కింద దాచకుండా, మెక్సికోలో స్పెయిన్ వాళ్లు చేసినదాని పక్కన పెట్టి చూపిస్తాడు. బాస్‌వర్త్ పేరు చూసి ఏరియన్ మీద ఆయన రాసిన రెండు సంపుటాల వ్యాఖ్యానం కొనేయకండి. అది గ్రీకు వచ్చినవాళ్ల కోసం. న్యూకాజిల్ యూనివర్సిటీకి చెందిన ఎలిజబెత్ బేనమ్ కర్టియస్ మీద 1998లో రాసిన పుస్తకం కూడా రెండో ఏడాది సంగతి, మొదటి నెలది కాదు.

ఆప్ షాపుల్లోనూ, బ్రిస్బేన్‌లో లైఫ్‌లైన్ వాళ్లు పెట్టే బుక్‌ఫెస్ట్‌లోనూ చవగ్గా కొనేటప్పుడు అచ్చయిన ఏడాది చూడండి. డబ్ల్యు.డబ్ల్యు. టార్న్ 1948లో అలెగ్జాండర్‌ని మానవులందరూ ఒక్కటే అని కలగన్న మహానుభావుడిగా చిత్రించాడు. 1958లో ఎర్న్‌స్ట్ బేడియన్ ఆ వాదనను ముక్కలు చేశాడు. పాత పుస్తకమైతే ఆ గొడవకు ఏ ఒడ్డున ఉందో తెలిసి కొనాలి. 'అలెగ్జాండర్ నేర్పే నాయకత్వ పాఠాలు' బాపతు పుస్తకాలు ఉచితంగా ఇచ్చినా వద్దు. మేరీ రెనో నవలలు చదవొచ్చు, నవలలని గుర్తుంచుకుంటే చాలు.

ఇవన్నీ కొనక్కర్లేదు. కౌన్సిల్ లైబ్రరీలో సభ్యత్వం ఉచితం. కాన్‌బెర్రాలోని నేషనల్ లైబ్రరీ నడిపే 'ట్రోవ్' సైట్‌లో పుస్తకం పేరు కొడితే దేశంలో ఏ ఏ లైబ్రరీల్లో ఉందో చూపిస్తుంది. బాస్‌వర్త్ పుస్తకాలు మీ పేట లైబ్రరీలో దొరక్కపోతే కౌంటర్‌లో ఇంటర్‌లైబ్రరీ లోన్ కావాలని అడగండి. యూనివర్సిటీ నుంచి తెప్పిస్తే రుసుం పడొచ్చు, ఎంతో ముందే కనుక్కుని ఫారం నింపండి.