వ్యానులో ఒలికిన పాలు – కంపు పోగొట్టే విధానం

సభ్యులకు తెలియని విషయం కాదు. తెల్లవారుజామున క్యాన్లు ఎక్కించే తొందరలో ఒక మూత సరిగా పడదు. గతుకుల బాటలో వ్యాను ఒక్కసారి ఎగిరిందంటే లీటరు పాలు కింద పరచిన కార్పెట్టులోకి ఇంకిపోతాయి. "పోయింది లీటరే కదా" అని తుడిచేసి ఊరుకుంటాం. మూడో నాటికి బండిలో కూర్చోలేము.

ఆ కంపు ఎక్కడిది? పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఇది పులిసిన వాసన. వెన్న విరిగితే బ్యుటిరిక్ ఆమ్లం వస్తుంది. ఇది ముక్కిపోయిన నెయ్యి వాసన. గేదె పాలలో వెన్న 6, 7 శాతం ఉంటుంది కనుక ఈ రెండోదే ఎక్కువ బాధిస్తుంది.

పాలు చుట్టుపక్కల వాసనను పీల్చుకుంటాయి. మూత రబ్బరు అరిగిన క్యాను అటువంటి బండిలో గంట ప్రయాణం చేస్తే చాలు. శీతలీకరణ కేంద్రంలో మూత తీయగానే మొదట చూసేది వాసననే. తేడా ఉంటే 40 లీటర్ల క్యాను మొత్తం పక్కన పెడతారు. అందులో పది పదిహేను ఇళ్ళ పాలు ఉంటాయి. ఒలకబోసింది ఒకరు, నష్టపోయేది అందరూ.

కంపు పోవాలని కొందరు డ్రైవర్లు ఫినాయిలు చల్లుతారు. నాకు తెలిసిన ఒక సంఘంలో అలా చల్లిన మర్నాడే రెండు క్యాన్లు తిరిగి వచ్చాయి. పాలు పులియలేదు, ఫినాయిలు వాసన కొట్టాయి! అగరొత్తులు, సెంటు కూడా పాలబండికి పనికిరావు.

మరి ఏం చేయాలి? క్యాను కడిగే క్రమమే ఇక్కడా గుర్తుంచుకోండి. ముందు చన్నీళ్ళు. మరిగే నీళ్ళు పోస్తే మాంసకృత్తులు గట్టిపడి నూలుపోగులను అంటుకుంటాయి. ఒలికిన వెంటనే పాత ధోవతిగుడ్డతో అద్ది పీల్చాలి. రుద్దితే పాలు ఇంకా లోపలికి దిగుతాయి. తరువాత కొద్దిగా చన్నీళ్ళు చల్లి మళ్ళీ అద్దండి. గుడ్డ పిండితే తెల్లనీళ్ళు రాకుండా పోయేవరకు ఇలాగే చేయాలి. ఆపై ఎంజైములున్న బట్టల సబ్బుపొడిని గోరువెచ్చని నీటిలో కలిపి, ముందుగా ఒక మూలన రంగు పోతుందేమో చూసుకుని, పట్టించి అరగంట ఉంచండి. ఆ ఎంజైములే మాంసకృత్తులను, వెన్నను విడగొడతాయి. సబ్బు పోయేదాకా కడిగి, తడి ఆరాక వంటసోడా పలచగా చల్లి రాత్రంతా ఉంచి దులపండి. కంపుకు కారణమైన ఆమ్లాలను సోడా విరుస్తుంది.

అసలు చిక్కు పైన కనిపించే కార్పెట్టుతో కాదు, దాని కింది మెత్తతో. పై భాగం ఎంత కడిగినా మెత్తలో పాలు మిగిలితే వాన పడిన రోజున కంపు మళ్ళీ లేస్తుంది. కాబట్టి సీటు మరలు విప్పి, కార్పెట్టు ఎత్తి, మెత్తను బయటకు తీసి ఎండలో వేయాలి. పాలు బాగా తాగిన మెత్తను మార్చడమే చవక. కింది రేకును కూడా తుడిచి ఆరబెట్టండి, లేకుంటే తుప్పు పడుతుంది. అక్కడ కరెంటు తీగలుంటాయి, బకెట్లతో నీళ్ళు గుమ్మరించవద్దు.

గెర్బర్ పద్ధతిలో వెన్న పరీక్షించే సంఘాలకు ఒక హెచ్చరిక. అందులో వాడే గంధకికామ్లం సుమారు 90 శాతం గాఢమైనది. అది బండిలో ఒలికితే గుడ్డతో అద్దవద్దు, చేయి పెట్టవద్దు. రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు వేసుకుని, తలుపులన్నీ తీసి, దూరం నుంచి వంటసోడాను కొంచెం కొంచెంగా చల్లండి. పొంగు ఆగాక మాత్రమే కడగండి. మాడిన కార్పెట్టు ముక్కను కోసి పారేయండి. ఒంటిమీద పడితే వెంటనే ధారాళంగా నీళ్ళు పోసి ఆసుపత్రికి వెళ్ళండి. ఆ సీసాను ఇసుక పోసిన బకెట్టులో నిలబెట్టి తెచ్చుకుంటే ఇంత ఇబ్బంది ఉండదు.

డీజిలు ఒలికితే రంపపు పొట్టు చల్లి, పీల్చుకున్నాక ఊడ్చి, సబ్బునీటితో కడిగితే సరిపోతుంది. వాసన పూర్తిగా పోయేదాకా క్యాన్లు ఎక్కించవద్దు.

వాసన పోయిందో లేదో తెలుసుకోవడానికి మిట్టమధ్యాహ్నం బండిని ఎండలో నిలిపి, అద్దాలన్నీ మూసి గంటసేపు ఉంచండి. తరువాత తలుపు తీసి, డ్రైవరు కాకుండా వేరొకరిని వాసన చూడమనండి. రోజూ అందులోనే తిరిగేవాడి ముక్కు ఆ కంపుకు అలవాటు పడి ఉంటుంది.