చేతికి పని, మనసుకు నిబ్బరం



మన నజ్రాన్‌లోని పాత మట్టి ఇళ్లను మీరు చూసే ఉంటారు. అంతస్తు మీద అంతస్తుగా లేచిన ఆ ఇళ్ల గోడలపై అడ్డంగా వరుసలు కనిపిస్తాయి. గడ్డి కలిపిన మట్టిని పిసికి ఒక వరుస పెడతారు. అది ఎండిన తరువాతనే దానిపై రెండవ వరుస పెడతారు. తొందరపడి పచ్చి గోడపై బరువు మోపితే అది కుంగిపోతుంది. మనసు కూడా అటువంటిదే. కష్టాన్ని తట్టుకొనే శక్తి ఒక్క రోజులో రాదు. వరుస తరువాత వరుసగా దానిని కట్టుకోవాలి. ఆ శక్తినే మన పెద్దలు ‘నిబ్బరం’ అన్నారు.

నిబ్బరం గలవారికి ఏడుపు రాదని, భయం కలగదని అనుకోరాదు. ఏడుపు వచ్చినా, భయం కలిగినా, మెల్లగా తేరుకొని తన పని తాను చేసుకోగలగడమే నిబ్బరం. దానిని పెంచుకొనే మార్గాలలో ఒకటి ఇంట్లో చేతులతో ఏదైనా సృష్టించడం. ఆ విషయాన్నే ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇంటికే పరిమితమైన రోజులు

నజ్రాన్ యెమెన్ సరిహద్దుకు సమీపంలో ఉంది. 2015 మే నెలలో సరిహద్దు ఆవలి నుండి ఈ నగరంపై ఫిరంగి గుండ్లు పడ్డాయి. పాఠశాలలను మూసివేశారు. విమానాల రాకపోకలు నిలిచిపోయాయి. మరల 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా సౌదీ అరేబియా అంతటా బడులు మూతపడ్డాయి. పిల్లలు నెలల తరబడి ఇంటి నుండే చదువుకున్నారు.

ఇవి పెద్ద కష్టాలు. ప్రతి ఇంటిలోనూ చిన్న కష్టాలు కూడా ఉంటాయి. ఇక్కడ సాయంత్రం ఆరు గంటలు అయ్యేసరికి మన ఊరిలో రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. బడి పని ముగించుకొని ఫోను చేసేసరికి అమ్మమ్మ నిద్రకు ఉపక్రమిస్తుంది. నాన్నగారి ఉద్యోగం ముగియగానే ప్రాణస్నేహితుడు స్వదేశానికి వెళ్లిపోతాడు. ఇటువంటి సమయంలో గుండెలో ఏదో బరువు నిలుస్తుంది. దానికి పేరు తెలియదు. ఎవరికి ఎలా చెప్పాలో తోచదు.

రాతిపై గీతలు

నజ్రాన్‌కు ఉత్తరాన హిమా అనే ప్రాంతం ఉంది. అక్కడి కొండరాళ్లపై ఒంటెలు, వేటగాళ్లు, పశువులు మొదలైన బొమ్మలు వేల సంఖ్యలో చెక్కి ఉన్నాయి. ఏడు వేల సంవత్సరాలుగా మనుషులు ఆ రాళ్లపై గీస్తూ వచ్చారు. అక్కడి పురాతన బావులలో నేటికీ మంచినీరు ఊరుతున్నది. ఎడారి దాటే బాటసారులు, సైనికులు ఆ నీటి కోసం ఆగేవారు. ఆగినవారు రాతిపై బొమ్మలు గీశారు, వివిధ లిపులలో శాసనాలు చెక్కారు. యునెస్కో 2021లో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

వారి మనసులో ఏముండేదో మనం చెప్పలేము. కానీ దాహం తీరిన తరువాత కూడా చేతికి ఒక పని కావాలని మనిషికి అనిపిస్తుందని ఆ రాళ్లు తెలుపుతున్నాయి.

రెండు పెట్టెల నిండా చిత్రాలు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు యూదులను టెరెజీన్ అనే పట్టణంలో బంధించారు. ఆ పట్టణం నేటి చెక్ దేశంలో ఉంది. 1942 డిసెంబరులో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణిని అక్కడికి తరలించారు. ఆమె అక్కడి పిల్లలకు చిత్రలేఖనం నేర్పింది. దొరికిన ప్రతి కాగితం మీద వారు పూలు, ఇళ్లు, కిటికీలు, తాము చూసినవి, తలచుకున్నవి గీశారు. చిత్రం మీద తమ పేరు రాయమని ఆమె ప్రోత్సహించేది.

1944 అక్టోబరులో ఆమెను మరొక నిర్బంధ శిబిరానికి పంపి చంపివేశారు. వెళ్లేముందు ఆమె సుమారు 4,500 చిత్రాలను రెండు పెట్టెలలో భద్రపరిచింది. అవి నేడు ప్రాగ్ నగరంలోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. వాటిని గీసిన పిల్లలలో చాలామంది బతికి బయటపడలేదు. చిత్రలేఖనం వారి ప్రాణాలను కాపాడలేకపోయింది. అయినా గీస్తున్నంతసేపు వారు పేరు గల మనుషులుగా, తమకు నచ్చిన రంగును తామే ఎంచుకొనే బాలలుగా నిలిచారు. కళ చేయగలిగినదెంతో, చేయలేనిదేమిటో ఈ చరిత్ర మనకు తెలుపుతుంది.

ఇది ఎలా మేలు చేస్తుంది?

మనసులోని భయానికి ఆకారం ఉండదు. అందువలన అది కొండంతగా తోస్తుంది. కాగితంపై గీసినప్పుడు దానికి అంచులు ఏర్పడతాయి. మన చేతిలో పట్టే వస్తువుగా మారుతుంది. రెండవది, చేతులు ఒకే లయలో పని చేస్తున్నప్పుడు శ్వాస నెమ్మదిస్తుంది. మూడవది, యుద్ధం, వ్యాధి, ప్రయాణం మన చేతిలో లేవు. కానీ ఈ పువ్వుకు ఏ రంగు వేయాలన్నది మన చేతిలోనే ఉంది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, తన సహచరురాలితో కలిసి 1986లో ఒక పరిశోధన ప్రచురించారు. కళాశాల విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయమన్నారు. కొందరు తమను బాధించిన సంఘటననూ, అప్పటి భావాలనూ కలిపి రాశారు. మరికొందరు సాధారణ విషయాలు రాశారు. బాధను రాసినవారికి రాసిన వెంటనే మనసు మరింత బరువెక్కింది. కానీ తరువాతి నెలలలో వారు వైద్యుని వద్దకు వెళ్లవలసిన సందర్భాలు తగ్గాయి. కాబట్టి రాస్తూ ఉండగా కన్నీరు వస్తే బెదరవలసిన పనిలేదు.

ఇంట్లో చేయదగిన నాలుగు పనులు

1. పళ్లెంలో ముగ్గు: ఇక్కడి ఇళ్లలో చాలామందికి వాకిలి లేదు. వెడల్పాటి పళ్లెంలో బియ్యప్పిండి పలుచగా పరిచి, వేలితో చుక్కలు పెట్టి, గీతలు కలపండి. తప్పిన గీతను తుడిచి మరల కలపవచ్చు. తప్పును సరిదిద్దుకొని ముందుకు సాగడం ముగ్గు నేర్పే మొదటి పాఠం.

2. భయానికి బొమ్మ: మీ భయం ఏ రంగులో ఉందో, ఎంత పెద్దదో గీయండి. అందంగా ఉండనవసరం లేదు. ఆ పక్కనే మీకు తోడుగా నిలిచేవారిని గీయండి. కింద మీ పేరు రాయండి.

3. నీడ బొమ్మలాట: తెలుగువారి తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు నవ్వు పుట్టించే పాత్రలు. అట్టముక్కలతో బొమ్మలు కత్తిరించి, పుల్లలకు అతికించి, తెల్లని దుప్పటి వెనుక దీపం పెట్టి ఆడించండి. మనం చెప్పడానికి సంకోచించే మాటను బొమ్మ సులభంగా చెబుతుంది.

4. తెలుగులో ఉత్తరం: దూరాన ఉన్న తాతయ్యకో, నాయనమ్మకో, వెళ్లిపోయిన మిత్రునికో ఉత్తరం రాయండి. ఏమి జరిగిందో రాయండి. అప్పుడు ఏమనిపించిందో కూడా రాయండి. పంపడమా, దాచుకోవడమా అన్నది మీ ఇష్టం.

కొన్ని నియమాలు

రోజుకు 15 లేదా 20 నిమిషాలు చాలును. ఎవరి బొమ్మనూ మరొకరి బొమ్మతో పోల్చరాదు. ఇంటి పెద్దలు మార్కులు వేయరాదు, “ఇది ఏమిటి?” అని నిలదీయడానికి బదులు “దీని గురించి చెబుతావా?” అని అడగడం మేలు. పిల్లలు చూపనంటే బలవంతం చేయరాదు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ప్రమాదం ఎదురైనప్పుడు ముందు పెద్దలు చెప్పినట్లు సురక్షిత స్థలానికి చేరాలి. బొమ్మలు ఆ తరువాత. బాధ చాలా రోజులు వీడకపోయినా, నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, అమ్మానాన్నలకో, ఉపాధ్యాయులకో తప్పక చెప్పాలి. అవసరమైతే వారు వైద్యుని సలహా తీసుకుంటారు. సహాయం అడగడం కూడా నిబ్బరంలో ఒక భాగమే.

పదాలు – అర్థాలు

నిబ్బరం = ధైర్యం, నిలకడ
ఉపక్రమించు = మొదలుపెట్టు
నిర్బంధం = బంధించి ఉంచడం
లయ = సమానమైన తూగు
సంకోచించు = వెనుకాడు

ఆలోచించండి – రాయండి

1. మట్టి గోడకు, మనసుకు గల పోలిక ఏమిటి?
2. టెరెజీన్ పిల్లలు తమ చిత్రాలపై పేరు రాయడం ఎందుకు ముఖ్యమైనదని మీరు భావిస్తున్నారు?
3. ‘నిబ్బరం గలవారు ఏడవరు’ అని మీ మిత్రుడు అంటే ఏమని జవాబిస్తారు?
4. పై నాలుగు పనులలో ఒకదానిని ఈ వారం ఇంట్లో చేయండి. చేయకముందు, చేసిన తరువాత మీకు ఏమనిపించిందో ఐదు వాక్యాలలో రాయండి.