శంకు నత్త: అందమైన గవ్వలో విషపుటీటె

కార్తిక పౌర్ణమికి విజయవాడ నుండి మంగినపూడికో, సూర్యలంకకో సముద్రస్నానానికి వెళ్ళిన కుటుంబాలలో పిల్లలు గుప్పిళ్ళనిండా గవ్వలు ఏరుకొని రావడం పరిపాటి. శంఖభస్మం, కపర్దిక భస్మం మన వైద్యంలో ప్రసిద్ధాలు కనుక గవ్వ అంటే మనకు భయం ఉండదు. అయినా శంకు నత్త విషయంలో మాత్రం పెద్దలు జాగ్రత్త వహించాలి.

బజారులో వేరుశనగలు కట్టి ఇచ్చే కాగితపు పొట్లం వంటి ఆకారం దీనిది. ఒండ్రుమట్టి కలిసే మన డెల్టా తీరంకంటె ఇసుక నేలలు, పగడపు దిబ్బలు దీనికి అనుకూలం. బంగాళాఖాతంలో లభించే 'కోనస్ అమాడిస్' గవ్వపై గోధుమవన్నె మీద తెల్లని త్రికోణాలు ఉంటాయి. ఇది తోటి నత్తలనే తింటుంది. ఈ కుటుంబంలో అధిక జాతులకు సముద్రపు పురుగులే ఆహారం. కొన్ని చేపలను వేటాడతాయి.

నత్తనడకతో చేపను పట్టడం ఎలా? పగలు ఇసుకలో దాగి, రాత్రి వాసన పట్టి, తొండాన్ని మెల్లగా చాపుతుంది. దాని కొనలో బోలుగా, ముల్లు కలిగిన దంతం ఉంటుంది. అది ఈటెలా గుచ్చుకోగానే విషం ఎక్కి చేప క్షణాలలో చచ్చుబడుతుంది. వాడిన దంతం పోయినా సంచిలో మరికొన్ని సిద్ధం! 'కోనస్ జియోగ్రాఫస్' విషంలో చేప రక్తంలోని చక్కెరను పడగొట్టే ఇన్సులిన్ సైతం ఉన్నదని 2015లో వెల్లడైంది.

ఈ జాతి కాటు మనుషులకూ ప్రాణాంతకం. మొదట నొప్పి స్వల్పంగానే ఉండవచ్చు. పిదప తిమ్మిరి, మాట తడబాటు, చివరకు శ్వాస స్తంభించడం. విరుగుడు మందు లేదు. పసుపు, సున్నం పట్టువేయడం, కోయడం, నోటితో పీల్చడం కూడదు. ఆ అవయవాన్ని కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. విషప్రభావం తగ్గేవరకు కృత్రిమ శ్వాసయే రక్ష. విషం చిప్పలో కాదు, లోపలి జీవిలో ఉంటుంది. కనుక ఖాళీ గవ్వ హానికరం కాదు. బ్రతికి ఉన్నదేమోనన్న అనుమానం కలిగితే మాత్రం తాకనే తాకరాదు.

'కోనస్ మేగస్' విషంలోని ఒక అంశాన్ని అనుసరించి కృత్రిమంగా తయారుచేసిన జికోనోటైడ్ అనే నొప్పి మందుకు 2004లో అమెరికాలో అనుమతి లభించింది. మార్ఫిన్‌వలె ఇది వ్యసనం కలిగించదు. అయితే దీనిని వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి పంపు ద్వారా వైద్యులే ఎక్కించాలి. ఇంటి వైద్యానికి ఇందులో తావు లేదు.