వయసు మీద నెట్టేయకండి

"ఈ వయసులో అవన్నీ మామూలేనండీ" అనే మాట విన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, పలకరిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకున్నా అంతా వయసు మీదికే నెట్టేస్తారు. ఇంట్లోవాళ్ళే కాదు, ఆ బాధ పడే పెద్దమనిషీ అదే నమ్ముతాడు. నాకు 74 ఏళ్ళు. తెనాలిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మావారు లేరు. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి బెంగళూరులో ఉంటారు. మా వీధిలో సగం ఇళ్ళు ఇలాంటివే. ఆ ఇళ్ళలో కూర్చుని, విని, ఆస్పత్రులకు తోడు వెళ్ళి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

1. దిగులు ఒంటినొప్పి రూపంలో వస్తుంది.

మన పెద్దవాళ్ళు "మనసు బాగాలేదు" అనరు. అలా అనడం అలవాటు లేదు, అంటే నామోషీ కూడా. కడుపులో మంట, గుండె దడ, ఒళ్ళంతా లాగేస్తోంది అంటారు. గుంటూరు తీసుకెళ్ళి ఈసీజీ, స్కానింగ్ చేయిస్తే అన్నీ నార్మల్ అని వస్తుంది. "ఏమీ లేదట, ఊరికే అంటోంది" అన్న మాట ఆ పెద్దావిడ చెవిన పడుతుంది. ఆనాటి నుంచి నొప్పి చెప్పుకోవడం కూడా మానేస్తుంది.

వృద్ధుల్లో డిప్రెషన్ కనిపెట్టడానికి 1980లలో అమెరికాలో ఒక ప్రశ్నావళి తయారైంది. ఇప్పటికీ డాక్టర్లు వాడతారు. దాని చిన్న రూపంలో 15 ప్రశ్నలుంటాయి. అవును, కాదు అని చెబితే చాలు. నొప్పుల గురించి గానీ నిద్ర గురించి గానీ అందులో అడగరు, ఎందుకంటే అవి దిగులు లేని పెద్దవాళ్ళకీ ఉంటాయి. ఇదివరకు చేసే పనులు మానేశారా, బయటికి వెళ్ళాలనిపించట్లేదా, బతుకు ఖాళీగా ఉందా అని అడుగుతారు. ఇంట్లో మీరు గమనించాల్సిందీ అదే. పొద్దున్నే పేపరు కోసం గేటు దగ్గర నిలబడే మనిషి పేపరు మడత విప్పట్లేదంటే, తులసికోటకు నీళ్ళు పోయడం ఆగిపోయిందంటే, బద్ధకం అనుకోకండి. రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి.

2. ముందు రక్తపరీక్ష చేయించండి.

బి12, థైరాయిడ్, సోడియం, హిమోగ్లోబిన్. వీటిలో ఏది తేడా వచ్చినా మనిషి నీరసించి, మందగించి, దిగాలుగా కనిపించవచ్చు. శాకాహారుల్లో, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగుల్లో బి12 తక్కువగా ఉండడం తరచూ చూస్తాం. ఇంకో మాట. డిప్రెషన్ ముదిరితే అచ్చం మతిమరుపు జబ్బులాగే ఉంటుంది. చాదస్తం అని ముద్ర వేసి ఓ మూల కూర్చోబెట్టిన మనిషి సరైన వైద్యంతో తేరుకుని మళ్ళీ పాల లెక్క తనే చూసుకోవడం నేను చూశాను.

3. చెవి వినపడకపోతే మనిషి తనంతట తనే తప్పుకుంటాడు.

మొదట రెండుసార్లు "ఆ?" అంటాడు. అవతలివాళ్ళ గొంతులో విసుగు వినిపిస్తుంది. అది మాత్రం చక్కగా వినిపిస్తుంది. మూడోసారి నుంచి ఏదీ అడగడు, తల ఊపుతాడు. తర్వాత పెళ్ళిళ్ళకు రావడం మానేస్తాడు, ఫోన్ ఎత్తడం మానేస్తాడు. ఇంటినిండా జనం ఉన్నా అతనికి ఎవరూ లేనట్టే. డిమెన్షియా మీద లాన్సెట్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, మనం సరిదిద్దుకోగల 14 ముప్పు కారణాల్లో వినికిడి లోపాన్ని చేర్చింది. చూపు తగ్గడాన్ని కూడా కొత్తగా కలిపింది. కాబట్టి చెవి మిషనూ, శుక్లాల ఆపరేషనూ మనసుకు చేసే వైద్యమే. మిషను పెట్టిన మొదటి రోజుల్లో గిన్నెల చప్పుడు కూడా పిడుగులా వినిపిస్తుంది. చాలామంది అప్పుడే తీసి బీరువాలో పెట్టేస్తారు. మెదడు అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట ఇంట్లో, ఒకరితో మాట్లాడేటప్పుడు కాసేపు పెట్టుకోండి, సమయం కొంచెం కొంచెం పెంచండి. ఎదుటివాళ్ళు అరవక్కర్లేదు, ముఖం చూపిస్తూ నిదానంగా మాట్లాడితే చాలు.

4. దిగులుకు మందు వేరు, నిద్రమాత్ర వేరు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు పెద్దవాళ్ళను తూలేలా చేస్తాయి, మతిమరుపు పెంచుతాయి. తుంటి ఎముక విరిగేది ఇలాంటి రాత్రుల్లోనే. డిప్రెషన్‌కు డాక్టరు రాసే మందు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వారానికే పనిచేయలేదని గానీ, బాగున్నాం కదా అని గానీ సొంతంగా ఆపకండి. మొదలుపెట్టిన కొత్తలో కళ్ళు తిరిగినా, మాట తడబడినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. కొందరు పెద్దవాళ్ళకు ఈ మందులతో సోడియం పడిపోతుంది.

5. పరామర్శకు మూడో నెలలో వెళ్ళండి.

పెద్దకర్మ దాకా ఇంటినిండా మనుషులే. దుఃఖం నిజంగా వచ్చి కూర్చునేది అందరూ వెళ్ళిపోయాక. మావారు పోయినప్పుడు నేను బాగా గుర్తుపెట్టుకున్నది ఆ తర్వాత నెలల్లో వచ్చినవాళ్ళనే. ఒకావిడ వంకాయలు తెచ్చి, తరుగుతూ కూర్చుని, ఆయన గురించి కబుర్లు అడిగేది. "మర్చిపోవాలి వదినా" అన్నవాళ్ళకంటే ఆవిడ చేసిన మేలు ఎక్కువ.

ఆడవాళ్ళ విషయంలో ఈ ఒంటరితనం కొంత మన చేతులతో మనం చేసిందే. భర్త పోయిన మనిషిని పేరంటానికి పిలవం, పెళ్ళిలో ముందు వరసలోకి రానివ్వం. నలభై ఏళ్ళు ఆ వీధిలో తిరిగిన మనిషికి ఒక్కరోజులో గుమ్మాలన్నీ మూసేసి, తర్వాత "అత్తయ్య ఎందుకో మాట్లాడట్లేదు" అంటాం. శ్రావణ మాసంలో మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి నేను మొదటి పిలుపు అలాంటివాళ్ళకే ఇప్పిస్తాను. నొచ్చుకున్నవాళ్ళున్నారు, మానలేదు.

భార్య పోయిన మగవాళ్ళది ఇంకో బాధ. చుట్టాలకు ఫోన్లు చేయడం, పెళ్ళిళ్ళకు చదివింపులు గుర్తుంచుకోవడం, పక్కింటికి కూర పంపడం అన్నీ ఆవిడే చూసుకునేది. ఆవిడతోపాటే రాకపోకలన్నీ ఆగిపోతాయి. ఆయన అన్నం వండుకోవడం నేర్చుకోవాలి, చెల్లెలికి తనే ఫోన్ చేయడం కూడా నేర్చుకోవాలి. రెండోదే కష్టం.

6. పిల్లల దగ్గరికి వెళ్ళినంత మాత్రాన తీరిపోదు.

కూకట్‌పల్లిలో ఏడో అంతస్తులో అయినా, డల్లాస్‌లో అయినా అంతే. ఉదయం 9 గంటలకు ఇల్లు ఖాళీ. అమెరికాలో కారు నడపడం రాకపోతే వీధి చివరకు కూడా పోలేం, రోడ్డు మీద పలకరించే మనిషి కనిపించడు. పిల్లల్లారా, అమ్మానాన్నలను తీసుకెళ్ళేటప్పుడు గదీ మంచమే కాకుండా, వారానికి ఒక్కసారైనా తమ ఈడు తెలుగువాళ్ళను కలిసే ఏర్పాటు కూడా చూడండి.

7. పిల్లలూ, ఫోన్‌లో సలహా అడగండి.

ఇక్కడ రాత్రి 8 అయితే చలికాలంలో డల్లాస్‌లో ఉదయం 8:30. హడావిడిలో "తిన్నావా, మందులేసుకున్నావా" అని అడిగితే "ఆ, బాగానే ఉన్నాం" అని జవాబు. అంతటితో అయిపోతుంది. గోంగూర ఎంతసేపు మగ్గాలి, పిల్లాడు అన్నం తినకపోతే నువ్వేం చేసేదానివి అని అడగండి. మమ్మల్ని ఎవరైనా ఏదైనా అడగడం ఆగిపోయిన రోజునే మేం ముసలివాళ్ళమవుతాం.

8. ఒంటరిగా ఉన్నప్పుడు సంతకం పెట్టకండి.

ప్రేమగా పలకరించిన చేతికి ఇల్లు రాసిచ్చినవాళ్ళున్నారు. రాయాలనే ఉంటే, చివరి వరకు పోషించాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టంలో, రాసిచ్చినదాన్ని రద్దు చేయించే 23వ సెక్షన్ ఆ షరతు ఉంటేనే గట్టిగా నిలబడుతుంది. ఫిర్యాదు ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. ఫోన్ విషయంలోనూ జాగ్రత్త. పోలీసుల పేరు చెప్పి గంటల తరబడి కదలనివ్వనివాళ్ళు మోసగాళ్ళు. చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేది లేనే లేదు. ఫోన్ పెట్టేసి, సైబర్ మోసాల నంబరు 1930కి చేయండి.

9. "దేవుడు తీసుకుపోతే బాగుండు" అన్న మాటను వినీ విననట్టు వదిలేయకండి.

పక్కన కూర్చుని సూటిగా అడగండి: చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడతారు, పుట్టదు. బరువు దిగుతుంది. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు, మిగిలిన మాత్రలు ఇంట్లోంచి తీసేయండి. వెంటనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. వృద్ధుల ఇతర కష్టాలకు 14567 ఉంది.

10. మీకోసం కనిపెట్టుకుని ఉండే చోటు ఒకటి ఏర్పాటు చేసుకోండి.

పెన్షనర్ల సంఘం, శాఖా గ్రంథాలయం, గుడి, ఏదైనా సరే. ఒకరోజు వెళ్ళకపోతే "ఏరీ, రాలేదే" అని అడిగే చోటు కావాలి. ఆంధ్రాలో ప్రతి నెలా మొదటి తేదీకి సచివాలయం వాళ్ళు వృద్ధాప్య పెన్షన్ డబ్బు ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. ఆ పెన్షన్ తీసుకునే ప్రతి పెద్దమనిషి గుమ్మం తొక్కే ఉద్యోగి ఇప్పటికే ఉన్నాడన్నమాట. నిద్ర పడుతోందా, ఈ నెల ఎవరితో మాట్లాడారు అన్న రెండు ప్రశ్నలు అడిగి, అనుమానం వస్తే ఏఎన్ఎంకు చెప్పడం వాళ్ళకు నేర్పితే ఎంత మేలు జరుగుతుందో. ప్రభుత్వం ఇది చేయాలని నా గట్టి కోరిక.

మా వీధిలో అందాకా మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున 7 లోపు ప్రతివాళ్ళూ తర్వాతి ఇంటికి ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. రాకపోతే అవతలివాళ్ళు తిరిగి చేస్తారు. ఎత్తకపోతే వెళ్ళి తలుపు కొడతారు. ఒకరి ఇంటి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఖర్చు లేదు, సంఘం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మొదలుపెట్టడానికి రెండిళ్ళు చాలు.