మంచి పోతు ముందే సంతకు పోతే మంద ఏమవుతుంది?

ఈసారి గోడ పత్రికకు సైన్సు వ్యాసం నన్ను రాయమన్నారు. నేను గొర్రెలు, మేకల గురించి రాస్తున్నాను. ఇది ఆఫ్రికా ఖండంలోని ఇథియోపియా దేశపు చిన్న రైతుల సంగతి. కాని చదువుతుంటే మీకు మీ ఇంటి దొడ్డి గుర్తుకొస్తుంది. నాకూ అలాగే అయింది.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. నేను ఆరో తరగతిలో ఈ హాస్టలుకు వచ్చేటప్పుడు మా మందలో బూడిద రంగు పోతు ఒకటి ఉండేది. దాని ఈడు పిల్లలన్నిటిలోకీ అదే పెద్దది. సంతలో బేరగాడు అన్నిటినీ చూసి దాని వీపు మీదే చెయ్యి వేశాడు. ఆ డబ్బుతో నాకు ట్రంకు పెట్టె, దుప్పటి, చెప్పులు కొన్నారు. మిగిలింది కొట్టు బాకీకి పోయింది. ఇంట్లో ఇంకొక పోతు ఉంది గాని దానికి ఎదుగూ బొదుగూ లేదు. దాన్ని ఎవరూ కొనలేదు కాబట్టి అదే మందలో ఉండిపోయింది. ఇప్పుడు మా మేకపిల్లలు చాలావరకు దాని పిల్లలే. "వెనకటి మేకలు ఇంత పొట్టిగా ఉండేవి కావే" అని తాత అంటాడు. మేత తగ్గిపోయిందని నాన్న అంటాడు. ఎవరి మాట నిజమని నేను సైన్సు మేడమ్‌ని అడిగాను. అప్పుడు మేడమ్ ఇథియోపియా గొర్రెల గురించి చదివి చెప్పారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

తండ్రి వైపు లెక్క

పుట్టే పిల్లకు లక్షణాలు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. వాటిని మోసుకొచ్చేవి జన్యువులు. అయితే మంద మొత్తం మీద చూస్తే ఒక తల్లి, ఒక తండ్రి సమానం కాదు. ఎలాగంటే, ఒక ఆడ గొర్రె ఏడాదికి ఒకటో రెండో పిల్లలను ఈనుతుంది. ఒక పొట్టేలు 25 ఆడ గొర్రెలకు సరిపోతుంది. అవి తలా ఒక పిల్లను ఈనినా, 25 పిల్లలకూ అదే తండ్రి. అందుకే మంద బాగుపడాలన్నా, పాడవాలన్నా మగదానితోనే తొందరగా అవుతుంది.

ఇథియోపియా చిన్న రైతుల ఇళ్ళల్లో కూడా మా ఇంట్లో జరిగినట్టే జరుగుతుండేది. బాగా ఎదిగిన పొట్టేలుకు మంచి ధర వస్తుంది. అందుచేత అది పిల్లలను ఇవ్వకముందే అమ్ముడైపోయేది. మిగిలినవి తండ్రులయ్యేవి. విత్తనాల ధాన్యంలో గట్టి గింజలు అమ్ముకుని, తాలు గింజలు చల్లినట్టు అన్నమాట.

అక్కడ ఏం చేశారు?

2009లో ఇథియోపియాలో నాలుగు గొర్రె జాతుల మీద పని మొదలైంది. ఇకార్డా, అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ, ఆస్ట్రియాలోని వియన్నా వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇథియోపియా పరిశోధన కేంద్రాలు కలిసి దీన్ని చేపట్టాయి. ఒకటి మెంజ్ జాతి. అది 2,500 మీటర్లు దాటిన చలి కొండల మీద ఉంటుంది. పొట్టిది, ఒంటి మీద ఉన్ని, కొవ్వు తోక. రెండు హోరో. మూడు ఎండ ప్రాంతపు అఫార్. నాలుగు బొంగా. బొంగా ఊరు కాఫా అనే ప్రాంతంలో ఉంది. మన తోటల్లో కాసే అరబికా కాఫీ చెట్టు ఆ దేశపు అడవుల నుంచి వచ్చిందే.

వాళ్ళు బయటి నుంచి పెద్ద జాతి పొట్టేలును తేలేదు. ఉన్నవాటిలోనే మంచిది వెతికారు. ఆ పద్ధతి ఇది:

1. ఊరి రైతులు, ఆడవాళ్ళతో సహా, కూర్చుని తమకు ఎలాంటి గొర్రె కావాలో చెప్పుకున్నారు. తొందరగా ఎదగాలా, కవలలను ఈనాలా, తోక ఎలా ఉండాలి అని.

2. పిల్ల పుట్టగానే చెవికి నంబరు బిళ్ళ వేస్తారు. పుట్టిన తేదీ, తల్లి నంబరు, ఒంటరి పిల్లా, కవలా, పుట్టినప్పటి బరువు, మూడు నెలల బరువు, ఆరు నెలల బరువు పుస్తకంలో రాస్తారు. రాసేది ఆ ఊళ్ళో చదువు వచ్చిన ఒకరు.

3. ఆరు నెలల వయసులో, అంటే బేరగాడు వచ్చే వేళకి, మగపిల్లలను ఎంపిక చేస్తారు. ముందు పుస్తకంలోని లెక్క చూస్తారు. తరవాత రైతుల కమిటీ వాటిని నిలబెట్టి కంటితో చూస్తుంది. ఏడాది వయసులో మళ్ళీ ఒకసారి చూస్తారు.

4. గెలిచిన పొట్టేళ్ళను అందరి సొమ్ముతో కొని, గుంపుగా వాడుకుంటారు. మిగిలిన వాటికి విత్తులు కొట్టించి, మేపి, అమ్ముకుంటారు.

5. కొన్నాళ్ళయ్యాక పొట్టేలును వేరే గుంపుకు మారుస్తారు. లేకపోతే దాని కూతుళ్ళే దానికి ఎదురవుతాయి. ఒకే రక్తం కలిస్తే పిల్లలు నీరసపడతాయి.

ఇందులో నాకు నచ్చినది రెండో సంగతి. కవల పిల్ల పాలు పంచుకుని తాగుతుంది. కాబట్టి బరువు తగ్గుతుంది. అది దాని జన్యువుల తప్పు కాదు. కరువు నెలలో పుట్టిన పిల్లకూ అంతే. అందుకే ఈడు, మేత, కవల అనే తేడాలు తీసేసి పోల్చాలి. నాన్న చెప్పిన మేతా నిజమే, తాత చెప్పిన జాతీ నిజమే అని రాసింది ఇందుకే. రాసుకోకపోతే ఏది ఏదో తెలీదు.

ఫలితం ఏమిటంటే, బొంగాలో ఆరు నెలల పిల్ల బరువు ఏడాదికి సుమారు 200 గ్రాములు పెరుగుతూ వచ్చింది. మెంజ్‌లో దానికి సగం. నా పక్క బెంచీ అమ్మాయి "ఇంతేనా, ఒక పూట కూర!" అని నవ్వింది. కాని అది ఒక్క పిల్లకు కాదు, ఆ ఊళ్ళో పుట్టే ప్రతి పిల్లకూ. పైగా మందు సీసా లాగ అయిపోయేది కాదు, పిల్లల పిల్లలకూ పోతుంది. తరవాత ఈ పద్ధతిని మేకలకు కూడా వాడారు, మలావీ, ఉగాండా దేశాల్లో కూడా.

పెద్ద జాతిని తెస్తే పోదా?

నేనూ ఇదే అడిగాను. దానికి జవాబు కెన్యా దేశంలో ఉంది. అక్కడ మసాయి పశుపోషకుల దగ్గర ఎర్ర మసాయి అనే చిన్న గొర్రె ఉంది. డోర్పర్ అనేది దక్షిణాఫ్రికాలో డోర్సెట్ హార్న్, నల్ల తల పర్షియన్ జాతులను కలిపి తయారు చేసిన గొర్రె. అది తొందరగా ఎదుగుతుంది, మాంసం ఎక్కువ. 1970ల నుంచి కెన్యాలో చాలామంది తమ మందల్లో డోర్పర్ పొట్టేళ్ళను కలిపారు. కాని తడి నేలల్లో పొట్టలో రక్తం తాగే నట్టలు ఎక్కువ. మన దొడ్లలో కూడా వానాకాలం మేకకు దవడ కింద నీరు దిగుతుంది చూడండి, అది ఆ జబ్బు వల్ల కావచ్చు. ఎర్ర మసాయి ఆ నట్టలను తట్టుకుంటుంది. డోర్పర్ అంతగా తట్టుకోలేదు. 1990లలో కెన్యా సముద్ర తీరంలో పరిశోధకులు రెండింటినీ పక్కపక్కన పెంచి, అక్కడికి ఎర్ర మసాయే మేలని తేల్చారు. ఈలోగా కలపడం వల్ల అచ్చమైన ఎర్ర మసాయి మందలు తగ్గిపోయాయి. పెద్దది అన్ని చోట్లా మంచిది కాదు. ఆ కొండకు, ఆ వానకు, ఆ మేతకు బతికేది మంచిది.

ఇప్పుడు నా సంగతి

మా మందలో తెల్ల చెవుల పోతుపిల్ల ఒకటి ఉంది. కవలగా పుట్టి కూడా అన్నిటికంటే బాగా ఎదిగింది. దసరా అయ్యాక 6,500 ఇస్తానని బేరగాడు అన్నాడట. పోయిన ఆదివారం ఫోనులో నాన్న చెప్పాడు. అమ్మొద్దు నాన్నా అన్నాను. "చెల్లి జ్వరానికి చేసిన అప్పు ఎవరు తీరుస్తారమ్మా?" అన్నాడు. నాకు మాట రాలేదు. నాన్నది తప్పు కాదు. బూడిద పోతు డబ్బుతో కొన్న పెట్టె మీదే కాగితం పెట్టుకుని నేను ఇది రాస్తున్నాను.

తరవాత ఆలోచించాను. ఇథియోపియాలో కూడా ఒక్క ఇల్లు మంచి పొట్టేలును ఉంచుకోలేకపోయింది. అందరూ కలిసి కొంటేనే అది నిలిచింది. మా ఊళ్ళో మేకలున్న ఇళ్ళు 11. మేకలన్నీ ఒకే కొండ మీద కలిసి మేస్తాయి. ఇంటికి 600 వేసుకుంటే 6,600 అవుతుంది. నాన్న అప్పు తీరుతుంది, పోతు ఊళ్ళోనే ఉంటుంది. ఇంటికి వెళ్ళగానే తాతతో చెప్పి పెద్దలను కూర్చోబెట్టమంటాను. ఒప్పుకుంటారో లేదో తెలీదు. పుస్తకం రాసే పని మాత్రం నాది. మా ఇంట్లో మొదట రాయడం నేర్చుకున్నది నేనే కదా.

మీకొక మాట. ఈ సెలవుల్లో మీ మందలో పిల్లలు పుట్టిన తేదీ, తల్లి, కవలా కాదా రాసుకోండి. గోనె సంచిలో కూర్చోబెట్టి కాటాకు తగిలిస్తే బరువు తెలుస్తుంది. మంచి పోతు మీ ఊళ్ళోనూ నిలిస్తే, రెండేళ్ళకు మాది మీ ఊరికి, మీది మా ఊరికి మార్చుకోవచ్చు. తిరిగి వచ్చాక లెక్కలన్నీ ఈ గోడ మీదే పెడదాము.

తప్పులుంటే క్షమించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని